పదో గడి

కరెంటు పెట్టగానే గాజుపెట్టె అడుగున సన్నని బుడగలు లేచాయి. బుడగలు లేచాయంటే కరెంటు పారుతున్నట్టే, ఆ సంగతి నిన్నగాక మొన్న చేరిన విద్యార్థికి కూడా తెలుసు, అయినా ఆమె వంగి మళ్ళీ చూసింది, నల్ల తీగ పైన, ఎర్ర తీగ కింద, మూత సరిగ్గా కూర్చుంది, గోడ గడియారం పదకొండూ ఐదు చూపిస్తోంది, చేతి గడియారం పదకొండూ ఏడు, ఈ రెండింట్లో ఏది అబద్ధం చెబుతోందో ఎవరికి తెలుసు. పన్నెండుంబావు దాకా చేసే పనేమీ లేదు. రెండు గాజుపలకల మధ్య బిగించిన పల్చని జిగురుపొరకి పైన పది గడులు, ఒక్కో గడిలో ఒక నీలిచుక్క. ఆ నీలం దారి చూపించడానికే, దాని వెనకాల కంటికి కనపడకుండా డిఎన్‌ఎ ముక్కలు కిందికి దిగుతుంటాయి, పొట్టివి ముందు, పొడుగువి వెనక. అన్నీ తన చేత్తోనే పోసింది. సెలవురోజు చూసుకుని వచ్చింది, కొత్త గ్లవుజుల పెట్టె తెరిచింది, నీళ్ళు కూడా కొత్త సీసాలోవే వాడింది, ప్రతి గొట్టం మీదా ఉన్న నంబరు పైకి చదివి మరీ మూత తీసింది, ఖాళీ గదిలో తన గొంతు తనకే వినిపించి కాస్త నవ్వు కూడా వచ్చింది, దొంగని పట్టుకోవడానికి పోలీసులు కూడా ఇంత తతంగం చెయ్యరు కదా అనుకుంది. పక్కగదిలో కుళాయి చప్పుడు. మాస్టారు గాజుసామాను కడుగుతున్నాడు. ఈ రోజు రావద్దని ఆయనకి ఎవరూ చెప్పలేదు, రమ్మనీ ఎవరూ చెప్పలేదు, అయినా వచ్చాడు, జిగురుపొర వైపు కన్నెత్తి చూడకుండా తిన్నగా ఆ గదిలోకి పోయి తలుపు ఓరగా వేసుకున్నాడు. ఎందుకొచ్చినట్టు?

సొరుగులో ఉత్తరం ఉంది. డైరెక్టరుగారికి రాసింది, సంతకం ఒక్కటే తక్కువ. ఫలానా టెక్నీషియన్ చూపు మందగించిందనీ, నమూనాల గొట్టాలు తారుమారు చేశాడనీ, మిగిలిన పదకొండు నెలల సర్వీసూ స్టోరులో వెయ్యడం మంచిదనీ. స్టోరంటే నేలమాళిగలో అట్టపెట్టెల మధ్య ఒక బల్లా ఒక కుర్చీ. ముప్ఫైరెండేళ్ళు గొట్టాలు పట్టుకున్న మనిషి చివరికి అట్టపెట్టెల దగ్గర కూర్చుని రిటైరవుతాడు, అందరూ మర్యాదగా ఏమీ అడగరు, ఆ మర్యాదే చాలు మనిషిని చంపడానికి. అందరూ ఆయన్ని చుక్కల మాస్టారు అంటారు, చుక్కలో వందో వంతు కూడా తేడా రాకుండా పోస్తాడని, కొత్తగా చేరినవాళ్ళు ఆ పేరు విని ఆయనకి సాయంత్రాలు ఏదో అలవాటుందనుకుని ఒకరినొకరు చూసుకుంటారు, టీ తప్ప ఇంకేదీ ముట్టని మనిషి, వాళ్ళతో పాటు తనూ నవ్వుతాడు. అంత మంచి మనిషి అని అందరూ అంటారు. అందరూ మంచివాడనే మనిషి మీద ఆమెకి మొదటినుంచీ ఒక కన్ను ఉంది. ఏడూ ఎనిమిదీ గడుల్లో ఉన్నది ఆయన భవిష్యత్తు, ఆ సంగతి ఆయనకీ తెలుసు, తెలిసీ అక్కడ అంత నిదానంగా బీకర్లు కడుగుతున్నాడు, నిర్దోషి అయితే చేతులు వణకాలి కదా, లేకపోతే దోషి అయితే వణకాలా, ఏదో ఒకటి.

దీనికంతటికీ మూలం ఏడో నంబరు. పదకొండేళ్ళుగా ఆమె ఒకే ఒక్క జన్యువుని పట్టుకుని వేలాడుతోంది. మూత్రపిండాల మీద టోపీలాగా కూర్చునే చిన్న గ్రంథి ఒకటుంది, ఒంట్లో ఉప్పుని నిలబెట్టే హార్మోను అక్కడే తయారవుతుంది, కష్టకాలంలో మనిషిని నిలబెట్టే హార్మోనూ అక్కడే, ఆ రెండింటినీ తయారుచేసే పనిముట్టుకి సూచనలు ఈ జన్యువులో ఉంటాయి. ప్రతి మనిషికీ రెండు ప్రతులు, అమ్మ ఇచ్చింది ఒకటి, నాన్న ఇచ్చింది ఒకటి. కొన్ని కుటుంబాల్లో ఒక ప్రతిలో ఎనిమిది అక్షరాలు ఎగిరిపోయి ఉంటాయి. ఎనిమిదే. ఒక ప్రతి చెడితే ఏమీ కాదు, మనిషి నిక్షేపంగా బతుకుతాడు, తనలో లోపం ఉందని చచ్చేదాకా తెలియదు, ల్యాబ్‌లో వాళ్ళని మోసేవాళ్ళు అంటారు. ఇద్దరు మోసేవాళ్ళు పెళ్ళి చేసుకుని, రెండు చెడ్డ ప్రతులూ ఒకే బిడ్డకి పడితే ఆ బిడ్డ రెండోవారంలోనో మూడోవారంలోనో పోతుంది, పసిగట్టకపోతే. మోసేవాళ్ళలో మిగిలిన ఆ ఒక్క మంచి ప్రతి ఇద్దరి పనీ తనే నెత్తినేసుకుని గట్టిగా పనిచేస్తుందని ఆమె కనిపెట్టింది, పోల్చి చూడటానికి పదిమంది ఆరోగ్యవంతుల రక్తం పెట్టుకుంది, గ్రాఫులో అందరి చుక్కలూ ఉండాల్సిన చోట ఉన్నాయి, ఏడో నంబరు తప్ప. ఏడో నంబరు చుక్క ఆరేళ్ళుగా మోసేవాళ్ళ గుంపులోకి పోయి కూర్చుంటోంది. రక్తం తీసిన రోజు ఒంట్లో బాగోలేదేమో అనుకుని వదిలేశారు. ఈ మధ్య పత్రిక నుంచి వ్యాసం వెనక్కి వచ్చింది, పరీక్షించిన పెద్దమనిషి ఎవరో ఒకే ఒక్క ప్రశ్న వేశాడు, మీ ఆరోగ్యవంతులు నిజంగా ఆరోగ్యవంతులేనని చూసుకున్నారా అని. చూడమని మాస్టారికి చెప్పింది. తొమ్మిదిమంది శుభ్రం. ఏడో నంబరులో రెండు గీతలు, ఒకటి మంచి ప్రతిది, ఒకటి చెడ్డ ప్రతిది. ఆ కాగితం తెచ్చి బల్లమీద పెట్టి, చాలాసేపు నిలబడి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.

ఏమీ అనకుండా ఎందుకు వెళ్ళిపోయాడు. మామూలుగా ఒక గొట్టం పగిలితేనే పది మాటలు చెప్పే మనిషి. ఆ రోజు నుంచీ ఆమె ఆయన్ని కళ్ళలో వత్తులేసుకుని చూస్తోంది, చూసేకొద్దీ అన్నీ కనిపిస్తున్నాయి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి నంబర్లు చదువుతాడు, నాలుగింటికి పక్కబ్లాకు పెద్దమనిషితో గోడకి ఆనుకుని టీ తాగుతాడు, ఆ పక్కబ్లాకాయనా ఇదే గ్రంథి మీద పనిచేస్తాడు, వ్యాసం వెనక్కి పంపింది ఆయనే కాదని ఎవరు చెప్పగలరు, ఏడో నంబరు సంగతి ఆయనకి ఎవరు మోసి ఉంటారు. ఆరేళ్ళ కిందట ఆ పదిమంది రక్తం తీసింది కూడా మాస్టారే, ఒకప్పుడు ఆస్పత్రిలో చేసిన చెయ్యి. బయటివాళ్ళు దొరక్క ల్యాబ్‌లోవాళ్ళే వరుసగా చొక్కా చేతులు మడుచుకుని కూర్చున్నారు. అప్పటి పెద్ద ప్రొఫెసరుగారు ఒక గిన్నెలో చీటీలు వేసి మాస్టారి చేతికిచ్చి, ఎవరికి ఏ నంబరు వచ్చిందో ఎవరికీ చెప్పకండి, వాళ్ళకి కూడా చెప్పకండి, ల్యాబ్‌లోవాళ్ళ జన్యువులు ల్యాబ్‌లోవాళ్ళకి తెలియకూడదు, రేపు ఏదైనా బయటపడితే ఒకరి మొహం ఒకరు చూసుకోలేరు, అన్నారు. ఆ జాబితా ఆయన రిటైరవుతూ చించేశారంటారు. ఆమెకి సూదంటే చచ్చేంత భయం, వేలకొద్దీ రక్తపు గొట్టాలు చూసిన మనిషికి భయమేమిటని అందరూ ఏడిపించారు, సీలింగు ఫ్యాను రెక్కలు లెక్కపెడుతూ కూర్చుంది, మాస్టారు ఏ గొట్టం మీద ఏం రాశాడో చూడనేలేదు. అక్కడే దొరుకుతున్నాడు, అనుకుంది. చూడకపోతే ఎన్నైనా జరుగుతాయి.

నీలిచుక్కలు పావువంతు దిగాయి. రెండో గడి ఒక పసిబిడ్డది, రెండు ప్రతులూ చెడినవాడు, సమయానికి దొరికాడు, ఇప్పుడు రోజుకు మూడు మాత్రలతో బడికి వెళ్తున్నాడు. మూడో గడి ఆ బిడ్డ తల్లిది. ఆవిడ బస్సు డిపోలో టికెట్లు ఇస్తుంది, రక్తం ఇవ్వడానికి వచ్చిన రోజు యూనిఫారంలోనే వచ్చింది. కుటుంబ వివరాల ఫారం తీసి ఆమె ఎప్పటిలాగే చదివింది, ఆ ఫారం తనే రాసింది, ప్రశ్నలు ఇరవై, పదకొండో ప్రశ్న అంటే తనకి ప్రత్యేకమైన గర్వం, ఎంతమంది డాక్టర్లకి తట్టని ప్రశ్న. దీనికి ముందు పుట్టిన బిడ్డలెవరైనా పసితనంలో పోయారా, ఎన్నో రోజున, వాంతులు అయ్యాయా, మూత్రం తగ్గిందా లేక ఆఖరిదాకా పోస్తూనే ఉండేదా. ఆ చివరి ముక్కలోనే ఉంది కిటుకు. వాంతులయ్యి ఎండిపోయే బిడ్డకి మూత్రం తగ్గిపోవాలి, ఈ జబ్బులో ఆగదు, ఉప్పు నిలబడక నీళ్ళూ నిలబడవు. డిపో ఆవిడ ఆ ప్రశ్న విని టేబులు అంచు పట్టుకుంది. "ఒకడు పోయాడండీ, పన్నెండోనాడు. మా అత్తగారు నా పాలు మంచివి కాదంది," అంది. ఆమె ఫారంలో పన్నెండు అని రాసి, పాల సంగతి రాయడానికి గడి లేక వదిలేసింది. మీ పాలది తప్పు కాదమ్మా, అని మాత్రం అంది. ఆవిడ అక్కడే కుర్చీలో కూర్చుని యూనిఫారం చేత్తో కళ్ళు తుడుచుకుంది. ఆ రోజు ఇంటికి వెళ్తూ ఆమెకి చాలా తృప్తిగా అనిపించింది, ఏదో మంచిపని చేశానన్న తృప్తి.

పొద్దున కాఫీ కప్పు వాసన చూసింది. అదెందుకు గుర్తొచ్చిందో. వంటింట్లో నిలబడి కప్పు అందుకుని తాగబోయే ముందు ఒక్క క్షణం ముక్కు దగ్గర పెట్టుకుంది, ఎప్పటిలాగే, తెలియకుండానే, అమ్మ చూసింది, చూసి కిటికీ వైపు తిరిగి లేని దుమ్ము తుడిచింది. ముప్ఫైనాలుగేళ్ళుగా అమ్మ చేతి నుంచి అందుకున్న ప్రతి గ్లాసూ అలా వాసన చూస్తుంది. పదేళ్ళప్పుడు మేనత్త చెప్పింది, మెట్లమీద కూర్చోబెట్టుకుని తల దువ్వుతూ, నీకంటే ముందు ఒకడు పుట్టాడే, బంగారంలాంటివాడు, పదహారోరోజున మీ అమ్మ చేతిలోనే పోయాడు, ఏం పట్టించిందో ఏమో, నిద్దట్లో మీద దొర్లిందో ఏమో, మనకెందుకులే, అని. మనకెందుకులే అంటూనే అన్నీ చెప్పేసింది. మేనత్త నోట్లో నువ్వుగింజ నానదు. ఆ సాయంత్రం అమ్మ పాలగ్లాసు ఇస్తే ఆమె వాసన చూసింది, మామూలు పాలవాసనే, తాగింది, చావలేదు, అయినా మర్నాడు మళ్ళీ చూసింది. ఆ ఇంట్లో అమ్మని అందరూ అలాగే చూసేవారు. ఆమె పుట్టినప్పుడు నానమ్మ మంచం తెచ్చి తల్లికీ బిడ్డకీ మధ్య వేసుకుందట, పాలివ్వడానికి తప్ప బిడ్డని తల్లి చేతికి ఇవ్వలేదట, నాన్న అంతా చూస్తూ పేపరు చదువుకున్నాడట. నాన్న చెడ్డవాడు కాదు. అమ్మని ఒక్క మాట అనలేదు, అది నిజమే, నువ్వు చెయ్యలేదు అని కూడా ఒక్కసారీ అనలేదు.

అమ్మ మాత్రం ఒకటే మాట. కూరగాయలమ్మేవాళ్ళ దగ్గర, డాక్టరు దగ్గర, బస్సులో పక్కసీట్లో పసిబిడ్డ ఏడిస్తే ఆ బిడ్డ తల్లి దగ్గర, ఎవరూ అడక్కుండా, "పక్కబట్టలు తడుస్తూనే ఉండేవండీ, గంటగంటకీ మార్చాను, ఒళ్ళేమో ఎండిపోతూనే ఉంది, నేను కన్ను మూయలేదు," అంటుంది. అక్షరం తేడా రాదు. పక్కబట్టలతో మొదలై కన్ను మూయలేదుతో అయిపోతుంది. చిన్నప్పుడు ఆ మాట వినపడితే ఆమెకి చెవులు వేడెక్కేవి, వినేవాళ్ళ మొహాలు చూడలేక అవతలికి పోయేది, కాస్త పెద్దయ్యాక దాని మీద కూడా అనుమానం పుట్టింది, నిజం చెప్పేవాళ్ళు ఇంత బట్టీ పట్టినట్టు చెప్తారా, ఒకసారి కాకపోతే ఒకసారైనా ముందుదీ వెనకదీ మారదా, నేర్చుకున్న సాక్ష్యమే ఇలా ఉంటుంది. వాడి గురించి ఇంకేదైనా చెప్పమ్మా అని ఎప్పుడూ అడగలేదు. అడిగితే ఏం చెబుతుందో అని భయం. చదువు అయ్యాక ఎన్ని జబ్బులుండగా ఈ జబ్బే ఎందుకు పట్టుకున్నావని పెద్ద ప్రొఫెసరుగారు ఇంటర్వ్యూలో అడిగితే, సీటు దీంట్లోనే ఖాళీ ఉందండీ అంది, అందరూ నవ్వారు.

తన కూతురు పుట్టినప్పటి ఆస్పత్రి గది. కిటికీకి ఆకుపచ్చ తెర. అమ్మ ఉయ్యాల పక్కన స్టూలు మీద నిటారుగా కూర్చుంది, కొంగు బిగించి, కళ్ళు ఇంతలేసి చేసుకుని, రెప్ప పడితే ఎవరైనా చూస్తారన్నట్టు. కుట్లు సలుపుతూ మగతగా పడుకున్న ఆమెకి ఉన్నట్టుండి మెలకువ వచ్చింది, ఉయ్యాల మీదికి వంగిన అమ్మ వీపు కనిపించింది, గుండె గుభేలుమంది. "నువ్వెళ్ళి పడుకోమ్మా, నర్సు చూసుకుంటుంది," అంది. అమ్మ వంగినది వంగినట్టే ఉండిపోయింది. దుప్పటి సర్దుతోంది, అంతే. "నాకు నిద్ర రావడంలేదే." "పడుకోమ్మా." ఇంకేమీ అనలేదు, అననక్కర్లేకపోయింది, మూడోరోజున మోకాళ్ళ నొప్పులని చెప్పి అమ్మ సంచి సర్దుకుని వెళ్ళిపోయింది. నాన్న పోయాక అమ్మని తన దగ్గరికి తెచ్చేసుకుంది, ఏ లోటూ చెయ్యలేదు, మందులు, కళ్ళజోడు, టీవీ, అన్నీ. కూతురికిప్పుడు పంతొమ్మిది. అమ్మమ్మని పోలీసులా చూస్తావేంటమ్మా, అంటుంది ఒక్కోసారి, నవ్వుతూనే అంటుంది.

"టీ పెట్టాను మేడమ్."

మాస్టారు. ల్యాబ్‌లోకి తిండీ తాగుడూ తేకూడదు కాబట్టి గుమ్మం అవతల నిలబడ్డాడు, చేతిలో రెండు గ్లాసులు. ఆమె గ్లవుజులు తీసేసి వరండాలోకి వచ్చి ఒక గ్లాసు అందుకుంది. అందుకుని, ముక్కు దగ్గరికి తీసుకుని, ఆగింది. ఆయన చూస్తున్నాడు. మొహాన ఏ భావమూ లేదు. ఒక గుటక తాగింది.

"ఎంతదాకా దిగింది?"

"సగం దాటింది."

"పదో గడిలో పెట్టారా?"

"ఏది?"

"మీదేనమ్మా. మొన్న చెప్పాను కదా."

"పెట్టాను." పొద్దున పుల్లతో బుగ్గ లోపల గీక్కుని తీసుకుంది, చేస్తున్నవాళ్ళది ఒకటి పెట్టుకోవడం ఈ పనిలో అందరికీ అలవాటే, చేతికి అందేది, వెంటనే దొరికేది, అనుమానం లేనిది. "ఎందుకు పెట్టమన్నారు మాస్టారూ?"

ఆయన గ్లాసులోకి చూశాడు. "ఊరికే. ఒక మంచిది పక్కనుంటే పోల్చుకోవడానికి బాగుంటుందని."

"మంచివి ఇంకో మూడు పెట్టాను కదా. నాలుగు, అయిదు, ఆరు."

"మంచిదే మేడమ్," అని గ్లాసులు రెండూ తీసుకుని వెళ్ళిపోయాడు. తాగీ తాగని గ్లాసు కూడా తీసుకుని వెళ్ళిపోయాడు.

అంటే ఏమిటి అర్థం. ఆమె నమూనా ఆమె చేతే పెట్టించి, రేపు ఏదైనా తేడా వస్తే మేడమ్ చెయ్యే కలుషితమైంది, మేడమ్ డిఎన్‌ఎనే అన్నింట్లోనూ పడింది అనడానికా, ఎంత తెలివి, అందుకే కాబోలు అంత నిదానం. ఆమె మళ్ళీ వచ్చి పెట్టె ముందు కూర్చుంది. ఏడో గడిలో ఉన్నది మాస్టారు తన చేత్తో తీసిన డిఎన్‌ఎ. ఎనిమిదిలో ఉన్నది అదే ఏడో నంబరు మనిషిది, కానీ ఆరేళ్ళుగా డీప్‌ఫ్రీజరులో సీలు పగలకుండా ఉన్న రక్తపు గొట్టం, దాన్ని తనే నిన్న తెరిచి తనే తీసింది. తొమ్మిదిలో ఉత్త నీళ్ళు, నీళ్ళలో గీత వస్తే అంతా మైలపడినట్టు. ఏడులో రెండు గీతలొచ్చి ఎనిమిదిలో ఒకటే వస్తే, మాస్టారు మొన్న గొట్టాలు మార్చాడు. రెండింట్లోనూ రెండేసి వస్తే ఆరేళ్ళ కిందట రక్తం తీసిన రోజునే మార్చాడు, ఎవరో రోగి తల్లి గొట్టం మీద ఏడు అని రాసేశాడు. ఎటు తిరిగినా మాస్టారే. ఉత్తరంలో ఒక్క వాక్యం మార్చుకుంటే చాలు. ఇంకో దారి కూడా ఉంది, ఆ పదిమందిలో నిజంగానే ఎవరో ఒకరు మోసేవాళ్ళు అయ్యుండటం, అది కూడా వదల్లేదు, వేళ్ళు మడుస్తూ ఒక్కొక్కరినీ తిరగేసింది. పెద్ద ప్రొఫెసరుగారు, ఆయన పిల్లలు ముగ్గురూ రాళ్ళలా ఉన్నారు. పొడుగాయన, పెళ్ళి చేసుకోలేదు. కవల అక్కచెల్లెళ్ళలో పెద్దది, ఆవిడకోసారి గర్భం నిలవలేదు, అనుమానించాలి. గుమాస్తా. ఫ్రీజరు మెకానిక్కు, పాపం వచ్చినందుకు వాడి చెయ్యి కూడా గుచ్చారు. ఇంకో నలుగురు. తొమ్మిది వేళ్ళు మడిచింది, పదోవాళ్ళెవరో ఎంతకీ గుర్తురాలేదు, గుర్తురానివాళ్ళ మీదే అసలు అనుమానం రావాలి అనుకుంటుండగా నీలం అడుక్కి చేరింది.

గాజుపలకలు విడదీస్తుంటే చేతులు వణికాయి. జిగురుపొర చిరగలేదు. రంగునీళ్ళలో పది నిమిషాలు నాననిచ్చి, చీకటిగదిలోకి తీసుకెళ్ళి, తలుపు వేసి, ఊదారంగు దీపం పెట్టింది. వెలిగే గీతలు. మొదటి గడిలో కొలతల నిచ్చెన. రెండులో ఒక్క గీత, కిందికి, ఆ బిడ్డది, ఎనిమిది అక్షరాలు తక్కువైనవాడు కాబట్టి కాస్త కిందికి. మూడులో రెండు గీతలు, పైనొకటి కిందొకటి, డిపో ఆవిడ. నాలుగు, అయిదు, ఆరు, పైన ఒక్కొక్కటే, శుభ్రం. ఏడు, రెండు. ఎనిమిది, రెండు. సరే, అనుకుంది, ఆరేళ్ళ కిందటే అన్నమాట, దొరికాడు. తొమ్మిదిలో ఏమీ లేదు, నల్లగా ఉంది, నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. చూపు పదో గడి మీదికి పోయి అక్కడ పనేమీ లేదు కాబట్టి వెనక్కి రాబోయింది, రాలేదు. రెండు గీతలు. పైనొకటి, కిందొకటి. కళ్ళు మూసి తెరిచింది. గాజు తుడిచింది. గడులు ఎడమ నుంచి లెక్కపెట్టింది, కుడి నుంచి లెక్కపెట్టింది. నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి, కాబట్టి మైల పడలేదు. ఆ గడిలో పోసింది తన బుగ్గే, పొద్దున తన చేత్తో గీక్కున్నదే, దాన్ని ఇంకెవరూ ముట్టలేదు, నిందించడానికి ఆ గదిలో ఇంకెవరూ లేరు. మడవకుండా మిగిలిన పదో వేలు అప్పుడు గుర్తొచ్చింది. వరుసగా కూర్చున్న పదిమందిలో ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకుంటూ తనూ ఉంది, తనని తాను లెక్కపెట్టుకోలేదు.

కుళాయి చప్పుడు ఆగిపోయి చాలాసేపయింది. మాస్టారు కడిగిన బీకర్లు బోర్లించి, చేతులు తుడుచుకుంటూ కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆమె గుమ్మంలో ఆగింది.

"ఏడో నంబరు ఎవరిదో మీకు మొదటినుంచీ తెలుసు కదా," అంది.

"సూది గుచ్చింది నేనే కదమ్మా."

"మరి చెప్పలేదేం? నేను ఉత్తరం రాశానని కూడా మీకు తెలుసు."

"తెలుసు. ప్రింటరు నా బల్ల పక్కనే ఉంది." ఆయన తువ్వాలు మడతపెట్టాడు. "ఎవరిదో చెప్పకూడదన్నారు పెద్దాయన. ఎవరికి వాళ్ళకి కూడా చెప్పొద్దన్నారు. నేను చెప్పకూడదు గానీ, మీరు చూసుకోకూడదని ఎవరూ అనలేదు." తువ్వాలు బల్లమీద పెట్టి, "మీరు సూదికి భయపడి పైకి చూస్తూ కూర్చున్నారు. ఆ రోజే అనుకున్నాను, ఈవిడకి ఈ నంబరు ఎప్పటికీ తెలియదులే అని," అన్నాడు.

క్షమించండి అనే మాట నోటిదాకా వచ్చింది, చాలా చిన్నదిగా అనిపించింది, అయినా అంది. ఆయన తలూపి, ఇంటికి వెళ్ళమంటారా మేడమ్ అని అడిగి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఆమె సొరుగు తీసి ఉత్తరం నాలుగు ముక్కలు చేసింది. నాలుగూ ఎనిమిది చేసింది. దాని కింద ఫారాల కట్ట ఉంది, ఇరవై ప్రశ్నలు, పదకొండోది తన గర్వం. ఎన్నో రోజున. పదహారు. వాంతులు, అయ్యాయి, అందుకే ఏం పట్టించావని అడిగారు. మూత్రం తగ్గిందా లేక ఆఖరిదాకా పోస్తూనే ఉండేదా. పక్కబట్టలు తడుస్తూనే ఉండేవండీ, గంటగంటకీ మార్చాను, ఒళ్ళేమో ఎండిపోతూనే ఉంది. నలభైఆరేళ్ళుగా ఆ తల్లి కూరగాయలవాళ్ళకీ, బస్సులో ముక్కూమొహం తెలియనివాళ్ళకీ పదకొండో ప్రశ్నకి జవాబు చెబుతూనే ఉంది, ఆ ప్రశ్న రాసినది ఆవిడ కడుపున పుట్టి, ఆవిడ పోసిన కాఫీ వాసన చూసి ల్యాబ్‌కి వస్తోంది. ఎవరు ఎన్నిసార్లు చేసినా అదే ఫలితం వస్తే ఇక్కడ దాన్ని నిజమంటారు. అమ్మ విషయంలో మాత్రం అదే అబద్ధానికి గుర్తయింది. ఒక ప్రతి అమ్మది, ఒక ప్రతి నాన్నది, నాన్నకి నానమ్మ నుంచే వచ్చిందేమో, మంచం అడ్డం వేసుకుని కూర్చున్న మనిషి నుంచే. అమ్మ రక్తం కూడా ఒకసారి చూస్తే రుజువు ఇంకా గట్టిపడుతుంది అని ఎక్కడో తట్టింది, తట్టినందుకు సిగ్గుతో మొహం కాలిపోయింది. ఏడుపొచ్చింది. ఖాళీ ల్యాబ్ కదా, కాసేపు ఏడ్చింది, తర్వాత ఫోన్ తీసింది.

"ఏమే, భోజనానికి వస్తున్నావా?" అంది అమ్మ.

"వస్తానమ్మా. ఒకటి అడగనా? అన్నయ్య సంగతి."

ఆ ఇంట్లో వాడిని అన్నయ్య అని ఎవరూ ఎప్పుడూ అనలేదు. అవతల టీవీ చప్పుడు తగ్గింది, తర్వాత అసలే ఆగిపోయింది. అమ్మ ఊపిరి మాత్రం వినిపిస్తోంది. ఆ ఊపిరిలో ఉన్నది భయమని ఆమెకి మొదటిసారి తెలిసింది.

"ఇప్పుడెందుకే అవన్నీ?"

"రాసుకుంటాను. మాకు ఇక్కడ ఒక ఫారం ఉంటుంది, అందరమ్మలనీ అడుగుతాను. నిన్నే అడగలేదు. నువ్వు ఎప్పుడూ చెప్పేది చెప్పు, నేను వింటాను."

అమ్మ మొదలుపెట్టింది. ఈసారి పక్కబట్టలతో కాదు. మొదటిసారి వరస మారింది.

"నేను కన్ను మూయలేదే," అంది.

"తెలుసమ్మా," అంది ఆమె. ఫారంలో ఆ మాటకి గడి లేదు. పదకొండో ప్రశ్న పక్కన అంచు మీద, అమ్మ అన్నది అన్నట్టుగా రాసి, తర్వాత చెప్పమ్మా, అంది.